కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతంలో క్రైస్తవ సహవాస జీవనం

ఉత్తర తెలంగాణలోని కామారెడ్డి, ఎల్లారెడ్డి పట్టణాల్లోనూ వాటి చుట్టూ ఉన్న పల్లెల్లో, తండాల్లోనూ క్రైస్తవ విశ్వాసులు ఆరాధన, ప్రార్థన, వాక్యపఠనం, పరస్పర సహాయం ద్వారా తమ విశ్వాసాన్ని రోజువారీ బతుకులో నిలుపుకొంటారు. ఈ జీవన విధానానికి స్థానికంగా వాడే మాట ‘సహవాసం’. ఇక్కడ క్రైస్తవులు సంఖ్యలో తక్కువ. 2011 జనాభా లెక్కల్లో నేటి తెలంగాణ మొత్తం మీద వారి వాటా సుమారు 1.3 శాతం. చాలా ఊళ్లలో కొద్ది కుటుంబాలే ఉండటం, ప్రతి ఊరికీ స్థిరంగా ఉండే పాస్టరు లేకపోవడం వల్ల, ఆదివారపు ఆరాధనతో పాటు వారం మధ్యలో ఇళ్లలో జరిగే కూడికలకు ఇక్కడ ఎక్కువ ప్రాధాన్యం ఏర్పడింది. వెస్లియన్ మిషన్ కాలం నుంచి నేటి స్వతంత్ర సంఘాల దాకా, సిద్ధాంతాల్లో ఎన్ని తేడాలున్నా, ఈ చిన్న కూడిక అందరికీ ఉమ్మడి లక్షణంగా కొనసాగుతోంది.

ప్రాంతం, జనజీవనం

కామారెడ్డి జిల్లా 2016 అక్టోబరు 11న పూర్వపు నిజామాబాద్ జిల్లా నుంచి ఏర్పడింది. 2011 లెక్కల ప్రకారం ఈ ప్రాంత జనాభా 9,72,625. కామారెడ్డి, బాన్సువాడ, ఎల్లారెడ్డి దీని రెవెన్యూ డివిజన్లు. కామారెడ్డి పట్టణం సికింద్రాబాద్–నిజామాబాద్ రైలు మార్గం మీద, 44వ జాతీయ రహదారి పక్కన ఉంది. ఎల్లారెడ్డి మెదక్ నుంచి బాన్సువాడ వెళ్లే దారిలో ఉంది. మంజీరా నది మీద 1931లో పూర్తయిన నిజాంసాగర్, అంతకు ముందు 1922లో కట్టిన పోచారం జలాశయం ఇక్కడి వరి, చెరకు సాగుకు ఆధారం. కామారెడ్డి బెల్లం వ్యాపారానికి పేరు పొందింది.

పొలం లేని ఇళ్లకు కూలి, బీడీల పని, గల్ఫ్ వలస బతుకుదెరువు. గాంధారి, లింగంపేట వైపు లంబాడీ తండాలు ఎక్కువ. జుక్కల్, మద్నూర్ వైపు మరాఠీ, కన్నడం కూడా వినిపిస్తాయి. కూడికల వేళలను ఈ కూలి, బీడీ పనులే నిర్ణయిస్తాయి. నాట్లు, కోతల రోజుల్లో కూలికి వెళ్లినవారు ఇల్లు చేరి, వంట ముగించిన తరువాతే ప్రార్థన మొదలవుతుంది. ఇంటి పట్టునే బీడీలు చుట్టే స్త్రీలకు మాత్రం పగటిపూట కూడికలకు వీలుంటుంది.

చారిత్రక నేపథ్యం

నిజాం రాజ్యంలో వెస్లియన్ మెథడిస్టు మిషన్ పని 1880 ప్రాంతంలో సికింద్రాబాద్ కేంద్రంగా మొదలైంది. విలియం బర్జెస్ దీనికి ఆద్యుల్లో ఒకరు. 1890ల చివరి నాటికి చార్లెస్ వాకర్ పాస్నెట్ మెదక్‌లో స్థిరపడ్డారు. అప్పటి నుంచి ఎల్లారెడ్డికి పొరుగున ఉన్న మెదక్ ఈ ప్రాంతపు క్రైస్తవానికి ప్రధాన కేంద్రమైంది. కరవు కాలంలో పనికి ఆహారం పద్ధతిలో 1914లో మొదలైన మెదక్ చర్చి నిర్మాణం పదేళ్లు సాగింది. 1924 డిసెంబరు 25న దాన్ని ప్రతిష్ఠించారు. 175 అడుగుల గోపురం, సుమారు 5,000 మంది పట్టే లోపలి భాగం దాని ప్రత్యేకతలు. ఏటా క్రిస్మస్ రోజున కామారెడ్డి, ఎల్లారెడ్డి పల్లెల నుంచి జనం అక్కడికి వెళ్తారు. వెళ్లేవారిలో క్రైస్తవేతరులూ ఉంటారు.

కామారెడ్డికి ఉత్తరాన, నిజామాబాద్ దారిలోని డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ 1915లో కుష్ఠు చికిత్సాలయాన్ని నెలకొల్పారు. స్థానిక దాత నర్సాగౌడ్ దీనికి పెద్ద మొత్తంలో సాయం చేశారు. హిందూ దాత సొమ్ముతో మిషన్ వైద్యులు అన్ని కులాల రోగులకూ వైద్యం చేసిన ఈ సంస్థ ఈ ప్రాంతంలో క్రైస్తవ సేవకు తొలి గుర్తింపు తెచ్చింది.

పల్లెల్లో మిషన్ పని ఉపాధ్యాయ సువార్తికుల మీద నడిచింది. పగలు బడి చెప్పడం, సాయంత్రం ప్రార్థన నడిపించడం వీరి పని. విశ్వాసంలోకి వచ్చినవారిలో మాల, మాదిగ కులాలవారే అధికం. వ్యక్తులు ఒక్కొక్కరుగా కాకుండా కుటుంబాలు, వాడలు కలిసి రావడం ఇక్కడి తీరు. మిషనరీ జె. వాస్కమ్ పికెట్ 1933లో ప్రచురించిన భారతీయ సామూహిక ఉద్యమాల అధ్యయనం ఇలాంటి సంఘాల మీదే సాగింది. జనం ఏ కారణంతో విశ్వాసంలోకి వచ్చారన్న దానికన్నా, బాప్తిస్మం తరువాత వారికి అందిన బోధన, సంరక్షణే వారి ఎదుగుదలను ఎక్కువగా నిర్ణయించాయని ఆయన తేల్చారు.

1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు మెథడిస్టు, ఆంగ్లికన్, సౌత్ ఇండియా యునైటెడ్ చర్చి శాఖలు అందులో కలిశాయి. మెదక్ పరిసర సంఘాలు, నిజామాబాద్ జిల్లా సంఘాలు మెదక్ అధ్యక్ష మండలం కిందికి వచ్చాయి.

చిన్న కూడిక: వెస్లీ నుంచి కాటేజీ ప్రార్థన వరకు

వెస్లియన్ మిషనరీలు తమతో తెచ్చిన పద్ధతుల్లో ‘క్లాసు’ ఒకటి. 1742లో బ్రిస్టల్ నగరంలో ప్రార్థనా మందిరం అప్పు తీర్చేందుకు సభ్యులను పన్నెండేసి మంది చొప్పున విడదీసి, వారానికి ఒక పెన్నీ వసూలు చేసే ఏర్పాటు మొదలైంది. వసూలుకు ఇంటింటికీ తిరిగిన నాయకులకు సభ్యుల కష్టనష్టాలు, నడవడి తెలియసాగాయి. మెథడిస్టు ఉద్యమ స్థాపకుడు జాన్ వెస్లీ దీన్ని ఆత్మీయ సంరక్షణకు మార్గంగా మలిచారు. ప్రతి సభ్యుడినీ వారానికి ఒకసారి కలిసి, విశ్వాసంలో ఎలా ఉన్నాడో అడిగి తెలుసుకోవడం క్లాసు నాయకుడి బాధ్యత అయింది. అంతకు ముందు జర్మనీలో ఫిలిప్ యాకోబ్ స్పెనర్ 1675లో రాసిన గ్రంథంలో చిన్న బృందాలుగా కూడి బైబిలు చదవాలని వాదించారు.

తెలంగాణ పల్లెల్లో ఈ తరహా కూడికను ‘కాటేజీ ప్రార్థన’, ‘గృహ కూడిక’, ‘ఇంటి ప్రార్థన’ అంటారు. వారానికో ఇంట, వంతుల వారీగా జరుగుతుంది. చాపలు పరిచి స్త్రీలు ఒక పక్క, పురుషులు ఒక పక్క కూర్చుంటారు. పాటలు, ప్రార్థన, వాక్యం, సాక్ష్యాలు, ప్రార్థన అవసరాలు ఇందులో భాగం. ఎవరి ఇంట్లో జ్వరం ఉందో, ఎవరి బిడ్డకు పరీక్షలో, ఎవరి బోరు ఎండిపోయిందో, గల్ఫ్‌లో ఎవరికి జీతం రాలేదో పేరుపేరునా చెప్పి ప్రార్థిస్తారు. చివర్లో ఇంటివారు చాయ్, బిస్కట్లు ఇస్తారు. వరసగా రెండు మూడు వారాలు రానివారిని పలకరించడానికి పెద్దలు ఇంటికి వెళ్తారు. వెస్లీ కాలపు క్లాసు నాయకుడు చేసిన పనిని ఇక్కడ సంఘ పెద్దలు, వారి భార్యలు చేస్తున్నారు.

సంఘాలు

దక్షిణ ఇండియా సంఘంతో పాటు కతోలిక, బాప్టిస్టు, పెంతెకోస్తు, స్వతంత్ర సంఘాలు ఈ ప్రాంతంలో ఉన్నాయి. కతోలికుల్లో ఆదివారపు దివ్యబలి పూజ, జపమాల, విచారణ గురువు సందర్శనలు విశ్వాస జీవనానికి ఆధారం.

గృహ కూడికకు రెండో ప్రేరణ భక్త్‌సింగ్ ఉద్యమం నుంచి వచ్చింది. పంజాబీ సిక్కు కుటుంబంలో 1903లో పుట్టిన భక్త్‌సింగ్ 1941లో మద్రాసులోనూ, 1950లో హైదరాబాదులో హెబ్రోను పేరుతోనూ సంఘాలు స్థాపించారు. 2000 సెప్టెంబరులో మరణించారు. అపొస్తలుల కార్యములు రెండో అధ్యాయంలో కనిపించే నాలుగు అభ్యాసాలను (బోధ, సహవాసం, రొట్టె విరవడం, ప్రార్థన) ఆయన సంఘ జీవితానికి పునాదిగా తీసుకున్నారు. నేల మీద కూర్చోవడం, తెల్లని దుస్తులు, గంటల తరబడి ఆరాధన, తరువాత అందరూ కలిసి తినే ప్రేమ విందు, ఏటా జరిగే పరిశుద్ధ సమావేశాలు వీరి ప్రత్యేకతలు. ప్రేమ విందులో కులాల మధ్య పంక్తిభేదం పాటించరు. పల్లె సమాజంలో వేర్వేరు కులాలవారు పక్కపక్కన కూర్చుని ఒకే వంట తినడం చిన్న విషయం కాదు కనుక ఈ విందుకు సామాజిక ప్రాధాన్యం కూడా ఉంది.

ఇటీవలి దశాబ్దాల్లో పెంతెకోస్తు, స్వతంత్ర సంఘాలు పట్టణ కాలనీల్లో, తండాల్లో పెరిగాయి. వీటిలో స్వస్థత ప్రార్థన, ఉపవాస ప్రార్థన, సాక్ష్యం చెప్పడం ముఖ్యం. చాలామంది పాస్టర్లు వేరే పని చేసుకుంటూ లేదా విశ్వాసుల కానుకల మీద ఆధారపడి సేవ చేస్తారు. పాస్టరును ‘అయ్యగారు’ అని, ఆయన భార్యను ‘అమ్మగారు’ అని పిలవడం, ఒకరినొకరు ‘వందనాలు’ లేదా ‘ప్రైజ్ ది లార్డ్’ అని పలకరించుకోవడం శాఖలకు అతీతంగా వాడుకలో ఉన్నాయి.

రోజు, వారం

భక్తిగల ఇంట్లో తెల్లవారుజామున ఒకసారి, రాత్రి భోజనానికి ముందు ఒకసారి కుటుంబ ప్రార్థన జరుగుతుంది. చదువు రాని పెద్దల కోసం బడికి వెళ్లే పిల్లలు బైబిలు చదివి వినిపించడం మొదటి తరం విశ్వాసుల ఇళ్లలో సాధారణం. అలా విన్న వాక్యాలను కంఠస్థం చేసి, ప్రార్థనలో తమ మాటల్లో తిరిగి పలికే వృద్ధ స్త్రీలు సంఘాల్లో గౌరవం పొందుతారు. ఈ మధ్య ఫోనులో బైబిలు వినడం, పని చేసుకుంటూ ప్రసంగాలు వినడం పెరిగింది.

ఆదివారం ఉదయం సండే స్కూలు, తరువాత ఆరాధన ఉంటాయి. చాలా స్వతంత్ర సంఘాల్లో శుక్రవారం ఉపవాస ప్రార్థన, నెలకోసారి రాత్రంతా సాగే ప్రార్థన జరుగుతాయి. ప్రభు భోజనాన్ని కొన్ని సంఘాలు నెలకోసారి, భక్త్‌సింగ్ పరంపరలోని సంఘాలు ప్రతి ఆదివారం ఆచరిస్తాయి. ప్రభు బల్ల దగ్గరికి వచ్చే ముందు తగాదాలు పరిష్కరించుకోవాలన్న నియమం వల్ల, అన్నదమ్ముల గట్టు తగాదాలు, అత్తాకోడళ్ల మనస్పర్థలు సంఘ పెద్దల ముందుకు వస్తుంటాయి.

ఎదుగుదల మెట్లు

దక్షిణ ఇండియా సంఘంలో శిశు బాప్తిస్మం, యుక్త వయసులో కేటకిజం (విశ్వాస ప్రశ్నోత్తరాల) తరగతుల తరువాత బిషప్పు చేతుల మీదుగా కన్ఫర్మేషన్ జరుగుతాయి. బాప్టిస్టు, పెంతెకోస్తు, భక్త్‌సింగ్ సంఘాల్లో వ్యక్తి స్వయంగా విశ్వాసం ఒప్పుకొన్న తరువాతే ముంచి బాప్తిస్మం ఇస్తారు. చెరువు, కాలువ, వాగు, కొన్నిచోట్ల మందిరంలో కట్టిన తొట్టి దీనికి వేదికలు. బాప్తిస్మానికి ముందు సాక్ష్యం చెప్పించడం ఆనవాయితీ.

ఆ తరువాతి ఎదుగుదలను పల్లె సంఘాలు పుస్తక జ్ఞానంతో కన్నా నడవడితో కొలుస్తాయి. కల్లు, సారా మానేయడం, భార్యను కొట్టడం మానడం, చేసిన అప్పు తీర్చడం, తిట్టిన పొరుగువారి దగ్గరికి వెళ్లి క్షమాపణ అడగడం ‘మారుమనసు’కు గుర్తులుగా చెబుతారు. ఎదుగుతున్న విశ్వాసికి క్రమంగా బాధ్యతలు ఇస్తారు. మొదట చాపలు పరవడం, మందిరం ఊడ్వడం, తరువాత పాట ఎత్తుకోవడం, ప్రార్థన నడిపించడం, సండే స్కూలు చెప్పడం, చివరికి వాక్యం చెప్పడం. ఈ వరస దాటి వచ్చినవారే సంఘ పెద్దలవుతారు. ఎవరైనా తప్పులో పడితే పెద్దలు ముందు ఒంటరిగా మాట్లాడతారు. తప్పు బహిరంగమైతే కొంతకాలం ప్రభు బల్లకు దూరంగా ఉంచి, ఒప్పుకొన్నాక తిరిగి చేర్చుకుంటారు. ఊరంతా తెలిసిన ముఖాల మధ్య జరిగే ఈ క్రమశిక్షణ కొందరిని నిలబెడుతుంది. కొందరు నొచ్చుకుని వేరే సంఘానికి వెళ్లిపోతారు.

పాట

అక్షరాస్యత తక్కువగా ఉన్న కాలంలో బోధన ఎక్కువ భాగం పాటల ద్వారానే సాగింది. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ సంకలనం దాదాపు అన్ని పాత సంఘాల్లో ఉంది. రాగతాళాలతో కర్ణాటక, భజన బాణీల్లో కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి (1803–1890) రచనలు ఇందులో ప్రముఖం. భక్త్‌సింగ్ సంఘాల్లో ‘సీయోను గీతములు’ వాడతారు. పల్లె కూడికల్లో డోలక్, తాళాలు, గంజీరా ప్రధాన వాద్యాలు. పట్టణ సంఘాల్లో కీబోర్డు, ప్యాడ్లు వచ్చాయి. తండాల్లో లంబాడీ భాషలో, తెలుగులో కలిపి పాడతారు. ఒకరు చరణం ఎత్తుకుంటే మిగతావారు పల్లవి అందుకునే పద్ధతి వల్ల, పుస్తకం చదవలేనివారు కూడా కొన్ని నెలల్లోనే పదుల కొద్దీ పాటలు నేర్చుకుంటారు.

కానుక

దశమభాగం, కృతజ్ఞతార్పణ, మొదటి జీతం ఇవ్వడం అన్ని శాఖల్లో ఉన్నాయి. పల్లె సంఘాల ప్రత్యేకత ‘పిడికెడు బియ్యం’. అన్నం వండే ముందు ఇల్లాలు ఒక పిడికెడు బియ్యం విడిగా కుండలో వేస్తుంది. ఆదివారం దాన్ని మందిరానికి తెస్తే, పాస్టరు కుటుంబానికి ఇవ్వడమో, వేలం వేసి సంఘ ఖర్చులకు వాడటమో చేస్తారు. మిజోరాంలో 1910 నుంచి ఇదే పద్ధతి ‘బుహ్‌ఫాయి థామ్’ పేరుతో పెద్ద ఎత్తున సాగుతోంది. 1912లో తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్పుగా డోర్నకల్ పీఠం చేపట్టిన వి.ఎస్. అజరయ్య, పేదలు కూడా ఇవ్వగలరనీ, ఇవ్వడం వల్లే సంఘం తన కాళ్ల మీద నిలబడుతుందనీ బోధించి, క్రైస్తవ కానుకల మీద పుస్తకం రాశారు. చేతిలో డబ్బు లేని కూలి స్త్రీ కూడా సంఘాన్ని పోషించే స్థానంలో నిలవడం ఈ పిడికెడు బియ్యం సాధించిన మార్పు.

పంట ఇంటికి వచ్చాక కోత పండుగ జరుగుతుంది. వడ్లు, మక్కలు, కూరగాయలు, కోళ్లు, మేకపిల్లలు తెచ్చి మందిరంలో పెట్టి, ఆరాధన తరువాత వేలం వేస్తారు. ఒక గుమ్మడికాయకు అంగడి ధర కన్నా ఎన్నో రెట్లు పాడటం పోటీతో, నవ్వులతో సాగుతుంది.

పండుగల ఏడాది

డిసెంబరు మొదటి వారం నుంచే యువకులు క్యారల్స్ పాడుతూ ఇల్లిల్లూ తిరుగుతారు. ఇళ్ల మీద నక్షత్రాలు వెలుగుతాయి. తెలంగాణ ఏర్పడిన తరువాత ప్రభుత్వం కూడా క్రిస్మస్ విందులు, బట్టల పంపిణీ నిర్వహించింది. డిసెంబరు 31 రాత్రి జరిగే కూడికలో గడిచిన ఏడాదికి సాక్ష్యాలు చెబుతారు, కొత్త ఏడాదికి వాగ్దాన వాక్యం తీసుకుంటారు. ఈస్టర్‌కు ముందు వచ్చే లెంటు నలభై రోజులూ కొన్ని సంఘాల్లో రోజుకో ఇంట్లో ఉపవాస కూడిక జరుగుతుంది. ఏడాదిలో ఒక్కసారైనా సంఘం ప్రతి విశ్వాసి గడప తొక్కే సందర్భం ఇదే. మట్టల ఆదివారం ఊరేగింపు, గుడ్ ఫ్రైడే నాడు యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఏడుగురి ప్రసంగాలు, ఈస్టర్ తెల్లవారుజామున ఆరాధన వరసగా వస్తాయి. సమాధుల పండుగ నాడు సమాధులకు సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. వేసవి సెలవుల్లో పిల్లలకు వీబీఎస్ (వెకేషన్ బైబిల్ స్కూల్) తరగతులు నడుస్తాయి.

స్త్రీలు, యువత

సంఘ పెద్దల్లో పురుషులే ఎక్కువైనా, వారం మధ్య కూడికలను నిలబెట్టేది స్త్రీలే. దక్షిణ ఇండియా సంఘంలో స్త్రీల మైత్రి సంఘాలు, ఇతర సంఘాల్లో స్త్రీల ప్రార్థన బృందాలు ఉన్నాయి. ప్రసవమైన ఇంటికి వెళ్లడం, ఆసుపత్రిలో ఉన్నవారికి అన్నం మోసుకెళ్లడం, భర్త గల్ఫ్‌లో ఉన్న స్త్రీకి తోడుగా నిలవడం వీరి పనుల్లో భాగం. చదువు కోసం కామారెడ్డికి, హైదరాబాదుకు వెళ్లిన యువత అక్కడి పెద్ద సంఘాల సంగీతానికి, విద్యార్థి కూడికలకు అలవాటుపడి, ఊరికి వచ్చాక పాత పద్ధతులతో సర్దుకోలేకపోవడం తరచూ చర్చకు వస్తుంది.

బంధువులు, ఇరుగుపొరుగు

ఒకే కుటుంబంలో కొందరు విశ్వాసులు, కొందరు కానివారు ఉండటం మామూలే. బతుకమ్మ, బోనాలు, పీర్ల పండుగ, గ్రామదేవత జాతరకు చందా, ప్రసాదం తీసుకోవడం, పెళ్లికి ముహూర్తం చూడటం, తాళి కట్టడం వంటి విషయాల్లో ప్రతి ఇల్లూ తన హద్దులు తానే గీసుకోవాల్సి వస్తుంది. పాత మెథడిస్టు కుటుంబాలు కొన్ని ఆచారాలను సంస్కృతిగా ఉంచుకుంటే, కొత్త పెంతెకోస్తు విశ్వాసులు బొట్టు, నగలు కూడా వదిలేస్తారు. చావు ఇంట మాత్రం దూరాలు తగ్గుతాయి. భూస్థాపన నాటి నుంచి ఆదరణ కూడిక దాకా సంఘం వంట, ఖర్చు, పాటలు చూసుకుంటుంది. ఊరివారు, ఇతర మతాల బంధువులు కూడా వచ్చి కూర్చుంటారు.

చట్టపరమైన స్థితి

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. తెలంగాణలో క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు వెనుకబడిన తరగతుల్లోని సి గ్రూపు (బీసీ–సి) కిందికి వస్తారు. బడి ధ్రువపత్రం, ఉద్యోగం, పంచాయతీ ఎన్నికల సీటు ఎస్సీ హోదాతో ముడిపడినందున, బహిరంగంగా విశ్వాసం ఒప్పుకోవడం పేద కుటుంబానికి ఆర్థిక నిర్ణయం కూడా అవుతుంది.

వలస

కామారెడ్డి, నిజామాబాద్ జిల్లాల నుంచి దుబాయ్, సౌదీ, కువైట్ వెళ్లిన కార్మికుల్లో విశ్వాసులూ ఉన్నారు. కువైట్‌లోని నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ప్రాంగణంలో, దుబాయ్‌లోని హోలీ ట్రినిటీ చర్చి ప్రాంగణంలో అనేక భాషల సంఘాలు గదులు పంచుకుని ఆరాధిస్తాయి. గల్ఫ్‌లో సెలవు రోజు కనుక చాలాకాలం శుక్రవారమే వారికి ఆరాధన దినం. 2022 జనవరి నుంచి యుఏఈ వారాంతాన్ని శని, ఆదివారాలకు మార్చడంతో అక్కడ ఆ క్రమం కూడా మారింది. లేబర్ క్యాంపు గదుల్లో పని ముగిశాక జరిగే చిన్న ప్రార్థన ఊరి కాటేజీ ప్రార్థనకు కొనసాగింపు.

అధ్యయనాలు, నేటి మార్పులు

ఈ ప్రాంతానికి దగ్గరి సంఘాల మీద వచ్చిన ముఖ్యమైన పరిశోధన పి.వై. లూక్, జాన్ బి. కార్మన్ 1968లో ప్రచురించినది. కామారెడ్డికి దక్షిణాన, 44వ జాతీయ రహదారి వైపు ఉన్న వడియారం పాస్టరేటులోని జంగరాయి విభాగపు పల్లెల్లో వారు 1959లో క్షేత్ర పరిశీలన చేశారు. పల్లె క్రైస్తవులు ఊరి పండుగలు, నమ్మకాల మధ్య తమ విశ్వాసాన్ని ఎలా జీవించారో అది వివరంగా చూపింది.

2020 మార్చి చివర కోవిడ్ లాక్‌డౌన్ మొదలయ్యాక ఆరాధనలు ఫోను తెరలకు మారాయి. ఆంక్షలు తొలగినా ప్రముఖ బోధకుల ప్రసారాలు వినే అలవాటు మిగిలింది. మంచి ప్రసంగం ఇంటికే అందుతున్నప్పుడు వాడలోని చిన్న కూడికకు వెళ్లాల్సిన అవసరమేమిటన్న ప్రశ్న యువతలో ఉంది. దీనికి సంఘ పెద్దలు చెప్పే జవాబు ఆచరణకు సంబంధించినది: ప్రసారం చేసే బోధకుడికి తన శ్రోత రెండు వారాలుగా రాలేదన్న సంగతి తెలియదు. బాప్తిస్మం తరువాతి సంరక్షణ గురించి పికెట్ 1933లో గుర్తించిన విషయాన్ని ఈ పల్లె సంఘాలు ఇప్పటికీ ఇంటింటి పలకరింపుతోనే నెరవేరుస్తున్నాయి.